ఎడమ చక్రం కింద రాయి

చక్రాలక్క కోపం గురించి ఆ వీధిలో ఒక్కొక్కరిది ఒక్కో అభిప్రాయం. ఎదురింటి దర్జీ దృష్టిలో అది గాలిదుమారం. కాసేపు తలుపు వేసుకుంటే వెళ్లిపోతుంది. మందుల దుకాణం ఆయన దృష్టిలో అది బీపీ. మాత్ర వేసుకుంటే తగ్గుతుంది. అసలు సంగతి ఆమె మరిదికే తెలుసు. ఆ కోపం ఆమె పనిబల్ల మీద సుత్తికీ ఆకురాయికీ మధ్య ఉండే మరో పనిముట్టు. పని అయ్యాక దాన్ని తుడిచి పక్కన పెట్టడం మాత్రం ఆమెకు చేతకాలేదు.

ఆమె చేసేది రోబోలకు కాళ్లు. సరదాకు రోబోలు కట్టుకునేవాళ్లు ఆ ఊళ్లో చాలామందే ఉన్నారు. పగలంతా బ్యాంకులోనో బడిలోనో పనిచేసి, సెలవు రోజున వైర్లు ముందేసుకుని కూర్చునేవాళ్లు. రోబోకు మెదడూ కళ్లూ ఎవరికి తోచినట్టు వాళ్లు బిగించుకుంటారు. వాటన్నిటినీ మోస్తూ రాళ్లలో, ఇసుకలో, బురదలో నడిచే అడుగుభాగం మాత్రం ఇంట్లో చేసుకోవడం కష్టం. దాన్నే ఛాసిస్ అంటారు. చక్రాలక్క ఛాసిస్‌కు మధ్యలో ఒక అల్యూమినియం పెట్టె, దానికి అటొకటి ఇటొకటి పొడవాటి ఇనుప చేతులు, ఒక్కో చేతికి మూడేసి చక్రాలు. చేతులు రెండూ ఒక కడ్డీ మీద ఊగుతాయి. ఒక పక్క చక్రం రాయి ఎక్కితే ఆ పక్క చెయ్యి పైకి లేస్తుంది, రెండోది నేలను వదలదు, నడుమ ఉన్న పెట్టె పడవలో కూర్చున్న పెద్దమనిషిలా కుదురుగా ఉంటుంది. ప్రతి అట్టపెట్టె మీదా మరిది అచ్చు వేయించిన మాట ఒకటే: ‘ఏ నేలైనా సరే.’ మాట ఆమెదే, అక్షరాలే అతనివి.

ఆ మాట వెనక ఒక పాత మంట ఉంది. ఆమె తండ్రి ఆసుపత్రి ట్రాలీలూ చక్రాల కుర్చీలూ బాగుచేసేవాడు. ఆమె బడికి పోయే రోజుల్లో, ఆయన బాగుచేసి పంపిన ట్రాలీ ఒకటి వరండా మలుపులో చక్రం ఇరుక్కుని ఒరిగిపోయింది. దాని మీదున్న రోగి కింద పడ్డాడు. ఆసుపత్రివాళ్లు ఇంటికొచ్చి నిలదీస్తే, తండ్రి తలైనా వంచకుండా, “అక్కడ నేల బాగాలేదండీ,” అన్నాడు. వాళ్లు నమ్మి వెళ్లిపోయారు. కూతురు నమ్మలేదు. చక్రం చేసేవాడు నేల మీద నెపం పెడితే ఇక చక్రం ఎందుకన్న ప్రశ్న ఆమెకు అప్పుడే పుట్టింది. ఆ తర్వాత తండ్రితో చాలాకాలం సరిగ్గా మాట్లాడలేదు. ఆయన దగ్గర పని మాత్రం నేర్చుకుంది, పళ్లు బిగబట్టుకుని.

పెళ్లయి వచ్చిన ఇల్లు పొడవాటిది. ముందు గది దుకాణం, నడిమి గది నిండా అట్టపెట్టెలు, వెనక పెరడు. భర్త దూరాలు తిరిగే లారీ డ్రైవరు. ఇంటికి వచ్చినప్పుడు వచ్చినట్టు. ఉండేది ముగ్గురు: ఆమె, అమ్మకాలూ వీడియోలూ చూసుకునే మరిది, గ్రంథాలయంలో అటెండరుగా పనిచేసి రిటైరై విశ్రాంతి తీసుకుంటున్న అత్తగారు. విశ్రాంతి అనేది మాట వరసకే. ఆ ఇంట్లో ఏ గరిటె ఏ కొక్కేనికి ఉండాలో, ఏ చెప్పు ఏ మూల ఉండాలో ఆవిడకు తెలిసినంతగా గరిటెలకు కూడా తెలియదు.

పెరడు చక్రాలక్క యుద్ధభూమి. పగిలిన పెంకులు, ఇటుక ముక్కలు, ఇసుక కుప్ప, కుళాయి నీళ్లతో తడిపిన బురద గుంట, వీటన్నిటికీ నడుమ తెల్ల చార ఉన్న పెద్ద నల్లరాయి, అన్నీ ఆమే మోసుకొచ్చి పడేసింది. తయారైన ప్రతి ఛాసిస్సూ కుళాయి దగ్గర బయలుదేరి వెనక గోడ చేరాలి. రిమోట్ పట్టుకుని ఆమె దాన్ని దొంగను తరిమినట్టు తరుముతుంది. ఆగిందా, రిమోట్ ఇసుకలోకి, ఛాసిస్ మళ్లీ బల్ల మీదికి. చేరిందా, మరిది తీసిన వీడియో లోకం మీదికి.

ఆ వారం ఇంట్లో కాలు పెట్టే సందు లేదు. రోబోలు కట్టుకునేవాళ్ల సంఘం ఏటా ఒక సభ పెట్టుకుంటుంది. కొత్తగా చేరేవాళ్లందరికీ ఒకే రకం ఛాసిస్ ఇవ్వాలనీ, అది చక్రాలక్కదే కావాలనీ ఈ ఏడు అనుకున్నారు. ఆదివారం సభలో నలుగురి ఎదుటా ఆ మాట ఖాయం చేస్తారు. ఖాయమైతే ఆ ఊళ్లో రోబో కట్టడం నేర్చుకునే ప్రతి ఒక్కరి మొదటి అడుగూ ఆమె చేసిన చక్రాల మీదే పడుతుంది. ఆమె ఎవరితోనూ ఆ ఆశ పంచుకోలేదు. కానీ పెట్టెలు కప్పుదాకా పేరుస్తున్నప్పుడు, ఎవరూ చూడకుండా ఒక్కోదాన్నీ అరచేత్తో తట్టేది.

అటువంటి రోజున నర్సమ్మ వచ్చి, బురద కారుతున్న ఛాసిస్ ఒకటి తెచ్చి తుడిచిన బల్ల మీద ధనామని పెట్టింది.

“ఇదిగోనమ్మా నీ ఏ నేలైనా!”

నర్సమ్మ ఆసుపత్రి ఉద్యోగం మానేసి కొన్నేళ్లయింది. మోకాళ్లు అరిగిపోయి చేతికర్ర లేనిదే నడవలేదు. ఆమె ఇంటి వెనక కాలవ, కాలవ గట్టు కింద రెల్లులో నీటికోళ్లు గూళ్లు పెడతాయి. తను దిగలేని చోటికి తన బదులు దిగేందుకు ఒక రోబో కట్టుకుని, దాని నెత్తిన కెమెరా బిగించి, గూటిలో గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చే ఘడియ కోసం కాచుకుని కూర్చుంది. చక్రాలక్కకు ఇదంతా తెలుసు, ఛాసిస్ కొన్నప్పుడు నర్సమ్మే చెప్పింది.

“ఏమైందిప్పుడు?”

“పడింది. కాలవలో. కెమెరాతో సహా.”

“పడదు.”

“పడిందంటున్నానా?”

“పడదండీ. చేసినదాన్ని నేను చెబుతున్నా. నెత్తిన ఏం ఎక్కించారు? ఇంటి సామాను మొత్తం ఎక్కించుంటారు.”

“అగ్గిపెట్టంత కెమెరా. దానికే నీ బండికి కళ్లు తిరిగాయా?”

“అయితే రిమోట్ ఎడాపెడా తిప్పుంటారు.”

“పసిపిల్లలకు సూదులేసిన చెయ్యమ్మా ఇది. నీ నోరైనా వణుకుతుందేమో గానీ ఇది వణకదు.”

“మీ చెయ్యీ మంచిదే, మీ కెమెరా మంచిదే. మరయితే మీ గట్టు బాగాలేదు!”

అన్న మరుక్షణం లోపలెక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. అదేమిటో ఆగి చూసుకునే తీరిక కోపం ఆమెకు ఇవ్వలేదు. బల్ల మీది ఛాసిస్‌ను చంకన పెట్టుకుని, “రండి, మీ ముందే తిప్పుతా,” అంటూ పెరట్లోకి నడిచింది.

బురద కడిగి, కుళాయి దగ్గర పెట్టి రిమోట్ నొక్కింది. పెంకులు దాటింది. ఇసుక దాటింది. నల్లరాయి మీదికి కుడి చక్రం ఎక్కింది, కుడి చెయ్యి లేచింది, పెట్టె చలించలేదు. దాటి వెళ్లి గోడకు ముక్కు ఆనించి నిలబడింది. ఎక్కి దిగేటప్పుడు తగిలిన తాకిడికి నల్లరాయి కాస్త పక్కకు జరిగింది, అంతే.

“చూశారా? ఏదీ పడమనండి!”

నర్సమ్మ ఛాసిస్ వైపు చూడటం లేదు. చేతికర్రతో నల్లరాయిని పొడిచి చూస్తోంది.

“ఈ రాయి నాకు తెలుసే.”

“రాళ్లతో కూడా చుట్టరికాలున్నాయా మీకు?”

“నీ మరిది పెట్టే వీడియోలన్నీ చూశాకే కదమ్మా నీ బండి కొన్నాను. అన్నిట్లోనూ ఇదే రాయి, ఇదే చోటు, పక్కన ఇదే మూల విరిగిన పెంకు. మా గట్టు మీద రాయి రేపటికి ఉన్నచోట ఉండదు. వాన దొర్లిస్తుంది, పిల్లలు విసిరేస్తారు. నీ రాయి నీ మాట వింటుంది కాబట్టి నీ బండి పడదు. ఆదివారం సభలో నలుగురికీ ఇదే చెబుతా.”

“చెప్పుకోండి! మైకు కావాలంటే మా మరిది పట్టుకుంటాడు!”

“పట్టుకోనీ,” అని నర్సమ్మ ఛాసిస్‌ను అక్కడే వదిలేసి, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లిపోయింది.

చక్రాలక్కకు ఒళ్లంతా కారం రాసినట్టుంది. ఆ మాట అబద్ధమని రుజువు చేయాలని నడిమి గదిలోకి వెళ్లి, పెట్టెలకు టేపు అంటిస్తున్న మరిది చేతిలోంచి ఫోను లాక్కుంది. వీడియో తర్వాత వీడియో తిప్పింది. గోడకు కొత్త సున్నం పడింది, కుళాయి మారింది, మరిది మీసం పెంచాడు, తీసేశాడు. నల్లరాయి మాత్రం ఫొటోకు కూర్చున్న ముసలాయనలా ప్రతి దాంట్లోనూ అక్కడే ఉంది.

“ఏమయ్యా, ప్రతిసారీ రాయి తెచ్చి ఒకేచోట పెట్టి తీశావా?”

“నేనా? ఆ రాయి కదిపితే నా నడుం కదులుతుంది వదినా. నువ్వే పెడుతున్నావనుకున్నా.”

“నేనెందుకు పెడతాను? బండి తగిలి జరిగిపోతుంది. ఇందాక కూడా జరిగింది. మరి మళ్లీ వెనక్కెలా వస్తుంది, కాళ్లొచ్చి నడిచిందా?”

అప్పుడే పెరట్లోంచి బరబరమని చప్పుడైంది. ఇద్దరూ కిటికీలోంచి తొంగి చూశారు. అత్తగారు చీపురు చంకన పెట్టుకుని, చీర కుచ్చెళ్లు ఎగదోపి, నల్లరాయిని పాదంతో నెడుతోంది. కాస్త నెట్టి, వెనక్కి జరిగి, తల వంచి చూసి, మరి కాస్త నెట్టింది. ఆపైన విరిగిన పెంకును తెచ్చి దాని పక్కన ఆనించింది.

“అత్తయ్యా! ఏం చేస్తున్నారు?”

“కనబడటం లేదూ? సర్దుతున్నా.”

“రాళ్లనా?”

“రాళ్లనే! మీరు ఆడుకుని వదిలేసిపోతే ఎవరు సర్దుతారు, మీ మామగారు లేచొస్తారా? తీసిన వస్తువు తీసినచోట ఉండాలి. తప్పు అరలో పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం. నా ఉద్యోగమంతా అదే చేశా.”

“ఇవి పుస్తకాలా?”

“నీకు కాకపోవచ్చు.”

“ఎప్పట్నుంచి చేస్తున్నారీ పని?”

“నువ్వు తెచ్చి పడేసిన నాటి నుంచి. మొదటి రోజు ఎక్కడ పెట్టావో ఇవాళా అక్కడే ఉంది, చూసుకో. వెంట్రుకవాసి తేడా ఉంటే అడుగు,” అన్నది అత్తగారు, మెచ్చుకోలు కోసం చూస్తున్న మనిషిలా.

చక్రాలక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్లూ ఆమె యుద్ధభూమి అనుకున్నది అలమర. లోకంలోని దుర్మార్గమైన నేలకు నమూనా అనుకున్న పెరడు, ఒక ముసలావిడ రోజూ తుడిచి, అక్షరక్రమంలో సర్దిపెట్టిన అర.

“మిమ్మల్ని ఎవరు సర్దమన్నారు? చెప్పండి, ఎవరన్నారు?”

“పెరడు అడవిలా ఉంది, కాస్త చూసుకోండి అత్తయ్యా అన్న మహాతల్లి ఎవరో గుర్తుందా?”

మరిది నవ్వబోయి, వదిన ముఖం చూసి ఆ నవ్వును దగ్గుగా మార్చేశాడు.

ఆమె గడ్డపార తెచ్చి నల్లరాయి కింద దూర్చి, అత్తగారు “అయ్యో, అయ్యో” అంటున్నా వినకుండా దాన్ని దొర్లించింది, ఈసారి ఎడమ చక్రం దారిలోకి. నడిమి గదిలోంచి టేపు వేసిన పెట్టె ఒకటి తెచ్చి చించి, కొత్త ఛాసిస్‌ను కుళాయి దగ్గర పెట్టింది. పెంకులు దాటింది. ఇసుక దాటింది. ఎడమ చక్రం రాయి ఎక్కింది, ఎడమ చెయ్యి లేచింది, సగంలో టక్కుమని ఆగిపోయింది. చెయ్యి ఆగినా మోటారు ఆగలేదు. ఛాసిస్ మొత్తం ఒక పక్కకు ఒరిగి, వెల్లకిలా పడింది. ఆరు చక్రాలూ గాలిలో గిరగిరా తిరుగుతున్నాయి.

ఇంకో పెట్టె చించింది. అదీ అంతే.

ఎందుకాగిందో వంగి చూడనవసరం లేకపోయింది. ఎగుడుదిగుళ్లలో బ్యాటరీ జారిపోతోందని కిందటేడు ఆమే ఎడమ పక్కన ఒక ఇనుప పట్టీ బిగించింది. బాగా కుదిరిందని మురిసిపోయింది కూడా. చెయ్యి బాగా పైకి లేస్తే ఆ పట్టీకి తగులుతుంది. కుడి పక్కన పట్టీ లేదు. పెరట్లో పెద్ద రాయి ఎప్పుడూ కుడి చక్రం కిందికే వచ్చేది. పట్టీ బిగించింది మొదలు ఆ ఇంటి గడప దాటిన ఒక్క ఛాసిస్సూ ఎడమ చెయ్యిని పూర్తిగా ఎత్తి ఎరగదు.

“వదినా,” అన్నాడు మరిది, మాటల్ని దూదిలో చుట్టి అందిస్తున్నట్టు. “ఆదివారానికి ఇచ్చేద్దాం. పట్టీల సంగతి తర్వాత మెల్లగా చూసుకుందాం. కొనేవాళ్లలో చాలామంది వరండాలో తిప్పుకునేవాళ్లే. ఏ ఒక్కరో ఎడమ చక్రం రాయెక్కించి పడేసుకుంటే, నేల బాగాలేదని చెబితే సరి. ఇందాక నువ్వు చెప్పలేదూ?”

ఇందాక గుచ్చుకున్న ముల్లు ఏమిటో ఆమెకు ఇప్పుడు తెలిసింది. వరండా మలుపు, ఒరిగిన ట్రాలీ, తల వంచని తండ్రి. ఆయన నోట విని జీవితమంతా అసహ్యించుకున్న మాట, ఆమె నోట్లోంచి ఎంత సులువుగా, ఎంత అలవాటైనట్టు వచ్చింది!

“ఆ మాట మళ్లీ ఈ ఇంట్లో వినబడిందంటే,” అన్నది, గొంతు చించుకోకుండా. అందుకే మరిది భయపడ్డాడు. “నీ ఫోను ఆ బురద గుంటలో పాతేస్తా. లే. పెట్టెలన్నీ విప్పు.”

“అన్నీనా? టేపు ఇప్పుడే వేశాను!”

“నీ టేపు తగలెయ్య! విప్పమన్నానా?”

ఆదివారం దాకా ఆ ఇంట్లోంచి ఇనుము కోసే చప్పుడు ఆగలేదు. పట్టీలు కోసి, గరుకు అంచులు ఆకురాయితో అరగదీసి, బ్యాటరీకి కింద కొత్త జాగా చూపించి, ప్రతిదాన్నీ ఎడమ రాయి ఎక్కించి దించింది. తండ్రిని తిట్టింది, పట్టీని తిట్టింది, అత్తగారిని వినబడేలా, తనను వినబడకుండా తిట్టుకుంది. అత్తగారు ఆ రోజుల్లో కోడలితో మాట మానేసి, గిన్నెలతో మాట్లాడింది, కాస్త గట్టిగానే.

సభ ఒక హాలు ముందున్న ఖాళీ స్థలంలో జరిగింది. సంఘానికి పెద్ద ఒక పళ్ల డాక్టరు. ఆయన స్వాగతం చెబుతుండగానే చక్రాలక్క తోపుడు బండి మీద నల్లరాయిని తోసుకుంటూ వచ్చింది. దాన్ని నడిమధ్య దించింది. పట్టీ కోయకుండా ఉంచిన ఒక్క పాత ఛాసిస్‌ను నేల మీద పెట్టి, ఎడమ చక్రం రాయెక్కించింది. అది వెల్లకిలా పడి, అందరి ముందూ చక్రాలు తిప్పింది.

“చూశారు కదా? ఇది నేను చేసిందే. ఏ నేలైనా సరే అని రాసి మరీ అమ్మాను. పట్టీ ఉన్నది మీ దగ్గరుంటే పట్టుకురండి, కోసి ఇస్తా. నర్సమ్మగారి గట్టు మంచిదే. నా బండే మంచిది కాదు. కొత్తవి సరిచేశాను, తెచ్చాను, తిప్పి చూసుకోండి. ఎవరైనా నన్ను తిట్టాలనుకుంటే ఇప్పుడే తిట్టండి, ఇంటికెళ్లి తిడితే నాకు వినబడదు.”

తిట్టారు. తన రోబో మెట్ల మీంచి పడితే ప్రోగ్రాములో తప్పు ఉందనుకుని నెలల తరబడి వెతికిన లెక్కల మాస్టారు అందరికన్నా ఎక్కువ తిట్టాడు. చివరకు పళ్ల డాక్టరు గొంతు సవరించుకుని, ఈ ఏడాదికి ఛాసిస్ సంగతి ఖాయం చేయడం లేదనీ, సరిచేసినవి ఒక వానాకాలం తిరిగాక చూద్దామనీ ప్రకటించాడు. చక్రాలక్క తల వంచుకుని విన్నది. పేర్చిన పెట్టెలు కళ్ల ముందు కదిలాయి. కోపం వచ్చింది, కానీ దాన్ని విసరడానికి అక్కడ తనకన్నా దగ్గరగా ఎవరూ లేరు.

రాయిని మళ్లీ బండి మీదికి ఎత్తబోతుంటే చేతికర్ర ఒకటి అడ్డొచ్చింది.

“నేను చెప్పాల్సిందంతా నువ్వే చెప్పేశావేం?” అన్నది నర్సమ్మ, ముఖం కందగడ్డలా చేసుకుని. “ఎంత తయారై వచ్చాననుకున్నావు! నువ్వు ఏడిస్తే ఇంకేం అనాలో కూడా అనుకుని వచ్చా.”

“ఇప్పుడనండి.”

“ఇప్పుడేం రుచి? పైగా గుడ్లు పగిలిపోయాయి. పిల్లలు నీళ్లలోకి దిగిపోయాయి. నేను చూడలేదు.”

సరిచేస్తానందామంటే చక్రాలక్క దీన్నెలా సరిచేస్తుంది? చాలాసేపు రాయి అంచును గోటితో గీరి, చివరకు అన్నది: “నేనంటే మీకు బాగా కోపం కదా?”

“కోపం చాలా చిన్న మాట.”

“అయితే మా ఇంటికి రండి. రాళ్లు మీరు పెట్టండి. మా అత్తయ్య పెడితే ఉన్నచోటే పెడుతుంది, నేను పెడితే బండికి వీలుగా పెడతానేమోనని నామీద నాకే నమ్మకం పోయింది. బండి పడాలని మనసారా కోరుకునే మనిషి కావాలి నాకు.”

నర్సమ్మ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. “కుర్చీ వేస్తావా? మోకాళ్లు వంగవు.”

“కుర్చీ వేస్తా. రాళ్లు మా మరిది మోస్తాడు.”

“నా నడుం!” అన్నాడు మరిది. ఎవరూ వినలేదు.

ఇప్పుడు వారానికోసారి నర్సమ్మ వస్తుంది. పెరట్లో కుర్చీ వేయించుకుని, చేతికర్రతో చూపిస్తూ మరిది చేత రాళ్లు మోయిస్తుంది. అంతసేపూ చక్రాలక్క రిమోట్ పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడాలి; అది నర్సమ్మ పెట్టిన షరతు. కొత్త పెట్టెల మీద ‘ఏ నేలైనా సరే’ లేదు. ఏం రాయాలో ఇంకా తోచక, అక్కడ ఖాళీగానే వదిలేశారు.

“అది అక్కడిది కాదు,” అంటుంది వంటింటి కిటికీలోంచి అత్తగారు, ఉండబట్టలేక. “ఆ నల్లరాయి అక్కడిది కాదు.”

“అందుకే పెట్టించా వదినగారూ,” అంటుంది నర్సమ్మ.

“తిరగనా?” అని అరుస్తుంది చక్రాలక్క గోడకేసి చూస్తూ. “ఎంతసేపండీ? ఊరు కడుతున్నారా అక్కడ?”

“ఆగమ్మా, ఆగు. అబ్బాయ్, దాన్ని ఇంకాస్త వాలుగా పెట్టు. ఊహూ, ఇంకా. నాకు నచ్చలేదు, బండి దాటేసేలా ఉంది.”